స్ఫింగోలిపిడ్లు: కణ సంకేతాల నుంచి ఔషధ ధరల దాకా

2023 నవంబరులో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ నాలుగు అరుదైన వ్యాధుల మందుల గురించి ఒక ప్రకటన చేసింది. అంతకుముందు విదేశాల నుంచి దిగుమతి అయ్యే ఆ మందులను భారతీయ సంస్థలే తయారు చేస్తున్నాయనీ, ధరలు అనూహ్యంగా తగ్గాయనీ దాని సారాంశం. వాటిలో ఒకటి ఎలిగ్లుస్టాట్ అనే గొట్టం మాత్ర. గౌచర్ వ్యాధి ఉన్నవారు వాడే ఈ మందుకు ఏడాదికి 1.8 కోట్ల నుంచి 3.6 కోట్ల రూపాయల వరకు అయ్యే ఖర్చు, దేశీయ తయారీతో 3 లక్షల నుంచి 6 లక్షల రూపాయలకు దిగివచ్చింది. దాదాపు రెండేళ్లకు, 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి పన్ను పూర్తిగా రద్దు చేసిన ప్రాణరక్షక మందుల జాబితాలో ఇమిగ్లుసెరేస్, అగాల్సిడేస్ బీటా అనే రెండు ఎంజైములు కనిపించాయి. మొదటిది గౌచర్ వ్యాధికి, రెండోది ఫాబ్రీ వ్యాధికి వాడతారు.

ఈ రెండు వార్తలూ వెలువడిన రోజున ప్రసారమై, మరునాటికి మరుగున పడినవే. కానీ వీటికి ఉమ్మడి మూలం ఒకటి ఉంది. గౌచర్, ఫాబ్రీ రెండూ స్ఫింగోలిపిడ్లు అనే ఒక కొవ్వు పదార్థాల కుటుంబం శరీరంలో సక్రమంగా విచ్ఛిన్నం కాకపోవడం వల్ల వచ్చే వ్యాధులు. అదే కుటుంబానికి చెందిన మరో అణువు పంపే సంకేతాన్ని అడ్డుకోవడం ద్వారా మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీవ్యాధికి తొలి నోటి మందు తయారైంది. వైద్య పరిశోధనలో నాలుగు దశాబ్దాలుగా నిశ్శబ్దంగా విస్తరిస్తున్న ఈ రంగం నేడు ఔషధ ధరలు, పేటెంట్లు, ప్రభుత్వ బడ్జెట్ల చర్చలోకి వచ్చి నిలిచింది.

స్ఫింగోలిపిడ్లకు ఆ పేరు రావడానికి కారణం గ్రీకు పురాణాల్లోని స్ఫింక్స్. దారిన పోయేవారిని పొడుపుకథ అడిగి, విప్పలేని వారిని చంపే ఆ రాక్షసి పేరును, జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన వైద్యుడు యోహాన్ థుడికమ్ 1884లో ఒక రసాయనానికి పెట్టాడు. మెదడు నుంచి వేరు చేసిన ఆ పదార్థం స్వభావం ఎంతకూ అంతుబట్టకపోవడంతో దానిని స్ఫింగోసిన్ అన్నాడు. ఆయన సమకాలికులు ఆ కృషిని పెద్దగా పట్టించుకోలేదు. తరువాత దాదాపు వంద సంవత్సరాలు శాస్త్రలోకం ఈ కొవ్వులను కణత్వచపు నిర్మాణ సామగ్రిగానే చూసింది. ఇంటి గోడలో ఇటుక ఎలాంటిదో, కణపు పొరలో స్ఫింగోలిపిడ్ అలాంటిదన్న భావన స్థిరపడింది.

ఆ భావన 1980వ దశకంలో సడలడం మొదలైంది. అమెరికాలో యూసుఫ్ హన్నూన్, రాబర్ట్ బెల్ తదితరులు 1986లో చేసిన ప్రయోగాలు, స్ఫింగోసిన్ కణంలోని ఒక ముఖ్యమైన సంకేత ఎంజైమును నిరోధిస్తుందని చూపాయి. గోడలో కదలక ఉండే ఇటుకకు ఇలాంటి పని ఉండదు. ఆ తరువాత ఒక్కొక్కటిగా మిగిలిన సంగతులు బయటపడ్డాయి. ఈ కుటుంబంలోని సెరమైడ్ అనే అణువు కణంలో పెరిగితే ఆ కణం ఎదుగుదల ఆగిపోతుంది, లేదా అది తనంతట తాను మరణిస్తుంది. సెరమైడ్ నుంచి స్ఫింగోసిన్, దానికి ఒక ఫాస్ఫేట్ చేరితే స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ ఏర్పడతాయి. ఈ చివరి అణువు కణాన్ని బతికిస్తుంది, విభజనకు ప్రోత్సహిస్తుంది. అంటే ఒకే వరుసలో ఒకటి రెండు మెట్ల దూరంలో ఉన్న రెండు అణువులు కణానికి పరస్పర విరుద్ధమైన ఆజ్ఞలు ఇస్తున్నాయి. ఏది ఏ మోతాదులో ఉంటే కణం ఎటు మొగ్గుతుందన్నది ఆ మార్పిడి చేసే ఎంజైముల చేతిలో ఉంది. క్యాన్సర్ పరిశోధకులు ఈ ఎంజైములపై దృష్టి పెట్టడానికి కారణమిదే. అయితే క్యాన్సర్ కంటే ముందు ఈ విజ్ఞానం ఫలించింది మరొక చోట.

స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ కణం లోపలే కాదు, వెలుపల కూడా తిరుగుతుంది. 1990లో రక్తనాళాల లోపలి పొర కణాల్లో ఒక గ్రాహకాన్ని కనుగొన్నారు. అది దేనిని గ్రహిస్తుందో అప్పటికి తెలియదు. తలుపు, తాళం దొరికినా తాళంచెవి దొరకని పరిస్థితి. 1998లో ఆ తాళంచెవి స్ఫింగోసిన్-1-ఫాస్ఫేటేనని తేలింది. ఇలాంటి గ్రాహకాలు మొత్తం ఐదు ఉన్నాయని క్రమంగా వెల్లడైంది. కణత్వచాన్ని ఏడుసార్లు చుట్టి వచ్చే ఈ ప్రోటీన్లు గుండె, రక్తనాళాలు, నాడీమండలం, రోగనిరోధక కణాలు అన్నింటిలోనూ వేర్వేరు నిష్పత్తుల్లో ఉంటాయి. ఒకే అణువు ఒక అవయవంలో ఒక పని, మరో అవయవంలో మరో పని చేయడం ఇందువల్లే.

వీటిలో మొదటి గ్రాహకం చేసే పని ఆసక్తికరమైనది. రక్తంలోనూ, శోషరసంలోనూ స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ సాంద్రత చాలా ఎక్కువ. ఎర్ర రక్తకణాల్లో దానిని ధ్వంసం చేసే ఎంజైము లేకపోవడం అందుకు ఒక కారణం. కణజాలాల లోపల ఆ ఎంజైము ఉన్నందున అక్కడ సాంద్రత అతి తక్కువ. రోగనిరోధక శక్తికి కీలకమైన లింఫోసైట్లు శోషరస గ్రంథుల్లో పని ముగించుకున్నాక, తమపై ఉన్న గ్రాహకంతో ఈ తేడాను పసిగట్టి బయటి దారి పడతాయి. నీరు పల్లమెరుగు అన్నది లోకోక్తి. ఈ కణాలు మాత్రం ఎత్తెరుగుతాయి; సాంద్రత తక్కువగా ఉన్న చోటి నుంచి ఎక్కువగా ఉన్న చోటికి కదులుతాయి. ఆ గ్రాహకాన్ని తొలగిస్తే అవి గ్రంథుల్లోనే చిక్కుబడిపోతాయని 2004లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు నిర్ధారించాయి.

ఈ సూక్ష్మం పూర్తిగా అర్థం కాకముందే దానిపై పనిచేసే మందు తయారై ఉండటం ఇక్కడి విచిత్రం. జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన టెట్సురో ఫుజిటా బృందం, చెట్లపై రొదచేసే సికాడా కీటకాల మీద పెరిగే ఒక శిలీంధ్రం నుంచి రోగనిరోధక శక్తిని అణచే పదార్థాన్ని వేరు చేసింది. కీటకాలను ఆశ్రయించే ఇలాంటి శిలీంధ్రాలకు తూర్పు ఆసియా సంప్రదాయ వైద్యంలో చాలా కాలంగా స్థానం ఉంది. మన ఉత్తరాఖండ్ కొండల్లోనూ, నేపాల్‌లోనూ గ్రామస్థులు మంచు కరిగే వేళ ఏరి అమ్ముకునే కీడాజడి ఆ కోవకు చెందినదే. జపాన్ బృందం కనుగొన్న పదార్థం పేరు మైరియోసిన్. అది శక్తిమంతమే కానీ విషపూరితం. దాని నిర్మాణాన్ని సరళం చేస్తూ పోగా 1990వ దశకం తొలినాళ్లలో రూపొందినదే ఫింగోలిమాడ్.

మాతృక అయిన మైరియోసిన్, స్ఫింగోలిపిడ్లను తయారు చేసే తొలి ఎంజైమునే ఆపేస్తుంది. దాని నుంచి పుట్టిన ఫింగోలిమాడ్ ఆ పని అసలే చేయదు. అది శరీరంలోకి వెళ్లాక ఒక ఫాస్ఫేటును తగిలించుకొని, స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ రూపం దాల్చి, గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మొదట దానిని ఉత్తేజపరిచి, చివరకు కణత్వచం నుంచి లోపలికి లాగి నాశనమయ్యేలా చేస్తుంది. గ్రాహకం పోయాక లింఫోసైట్లకు దారి తెలియదు. రక్తంలో వాటి సంఖ్య సాధారణ స్థాయిలో దాదాపు 30 శాతానికి పడిపోతుంది. చావవు, దాగి ఉంటాయి. ఈ రహస్యం 2002లో గానీ బయటపడలేదు.

మొదట ఈ మందును మూత్రపిండాల మార్పిడి చేయించుకున్నవారికి ఇవ్వాలనుకున్నారు. పెద్ద స్థాయి పరీక్షల్లో అది అప్పటికే ఉన్న మందుల కంటే మెరుగని తేలలేదు. ఆ ప్రయత్నం అక్కడితో ఆగింది. స్వయంగా తన నాడీమండలంపైనే రోగనిరోధక కణాలు దాడి చేసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో మాత్రం ఫలితం వేరుగా వచ్చింది. ఈ వ్యాధిలో లింఫోసైట్లు మెదడు, వెన్నుపాములలోకి చొరబడి నాడీతంతువుల చుట్టూ ఉండే మైలిన్ తొడుగును దెబ్బతీస్తాయి. చూపు మసకబారడం, కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం వంటి లక్షణాలు విడతలు విడతలుగా వచ్చిపోతుంటాయి. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య, పురుషుల కంటే స్త్రీలలో అధికంగా కనిపించే జబ్బు ఇది. 2010లో ప్రచురితమైన ఒక ప్రధాన పరీక్షలో 1,272 మంది పాల్గొన్నారు. రోజుకు 0.5 మిల్లీగ్రాముల ఫింగోలిమాడ్ తీసుకున్నవారిలో వ్యాధి తిరగబెట్టడం సగటున ఏడాదికి 0.18 సార్లు కాగా, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అది 0.40. సగానికి పైగా తగ్గుదల. అప్పటిదాకా సూదిమందులే దిక్కైన రోగులకు అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ ఈ నోటి మందును అనుమతించింది.

గ్రాహకం శరీరమంతటా ఉన్నప్పుడు మందు ప్రభావం కూడా శరీరమంతటా ఉంటుంది. తొలి మోతాదుకు గుండె వేగం తగ్గుతుంది. అందువల్ల మొదటి రోజు ఆరు గంటల పాటు రోగిని పరిశీలనలో ఉంచాలి. కంటి రెటీనాలో నీరు చేరే అవకాశం ఉంది. లింఫోసైట్లు తగ్గుతాయి కనుక అంటువ్యాధులపై కన్నేసి ఉంచాలి. క్షయ వంటి జబ్బులు నేటికీ విస్తృతంగా ఉన్న భారతదేశంలో ఈ చివరి జాగ్రత్తకు పాశ్చాత్య దేశాల్లో కంటే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వవలసి ఉంటుంది. తరువాత వచ్చిన సిపోనిమాడ్, ఒజానిమాడ్, పోనెసిమాడ్ ఐదు గ్రాహకాల్లో ఒకటి రెంటినే ఎంచుకొని పనిచేస్తాయి. ఒజానిమాడ్‌ను 2021లో, ఎట్రాసిమాడ్‌ను 2023లో పెద్దపేగు వ్రణాల వ్యాధి అయిన అల్సరేటివ్ కొలైటిస్‌కు కూడా అమెరికాలో అనుమతించారు.

వీటన్నిటి కంటే తీవ్రమైన హెచ్చరిక 2018 నవంబరులో వచ్చింది. ఫింగోలిమాడ్ మానేసిన కొందరిలో వ్యాధి మునుపటి కంటే ఉద్ధృతంగా విరుచుకుపడుతోందనీ, కొన్ని సందర్భాల్లో ఆ వైకల్యం శాశ్వతమవుతోందనీ అమెరికా నియంత్రణ సంస్థ ప్రకటించింది. గ్రంథుల్లో బంధించి ఉంచిన కణాలకు ఒక్కసారిగా దారి తెరిస్తే జరిగే పరిణామాన్ని ఊహించడం కష్టం కాదు. వైద్యులు ఈ హెచ్చరికను చికిత్స మార్చేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తగా చదివారు. చికిత్స ఖర్చును సొంత జేబు నుంచి భరించే కుటుంబాలున్న దేశంలో దీనికి ఇంకొక అర్థం కూడా ఉంది. ఉద్యోగం పోయినా, బీమా గడువు ముగిసినా, దుకాణంలో సరుకు నిండుకున్నా మందు ఆగుతుంది. మందు ఆగడం కేవలం చికిత్స లేకపోవడం కాదు, కొందరికి అదే కొత్త ప్రమాదం. కనుక ఈ తరగతి మందుల విషయంలో ధర, నిరంతర సరఫరా అనేవి రోగి భద్రతలో భాగమే తప్ప వాణిజ్య వ్యవహారాలు మాత్రమే కావు.

ఈ కోణం నుంచి చూస్తే పేటెంట్ వివాదం ప్రాధాన్యం తెలుస్తుంది. ఈ మందుపై నోవార్టిస్ సంస్థకు 2018లో వచ్చిన అమ్మకాలు 300 కోట్ల డాలర్లకు పైమాటే. 2019 డిసెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ తొలిసారిగా మూడు జనరిక్ రూపాలకు అనుమతి ఇచ్చింది. వాటిలో రెండు భారతీయ సంస్థలైన బయోకాన్, సన్ ఫార్మావి; మూడోది చైనాకు చెందిన హెచ్ఈసీ ఫార్మ్‌ది. అనుమతి ఉన్నా అమ్మకానికి అడ్డంకులు వెంటనే తొలగలేదు. రోజుకు 0.5 మిల్లీగ్రాముల మోతాదు మీదనే, అంటే మందు మీద కాక అది వాడే పద్ధతి మీద ఉన్న మరో పేటెంట్ న్యాయస్థానానికి వెళ్లింది. అమెరికా ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2022 జనవరిలో ఆ పేటెంట్ చెల్లుతుందని చెప్పి, అదే ఏడాది జూన్‌లో పునర్విచారణ జరిపి చెల్లదని తేల్చింది. రెండు తీర్పులూ 2-1 మెజారిటీతో వచ్చినవే. ధర్మాసనంలో ఒక న్యాయమూర్తి పదవీ విరమణ చేయడం, ఆ స్థానంలో మరొకరు కూర్చోవడం మినహా వాదనల్లో మారింది స్వల్పం. వేల మంది రోగుల నెలవారీ ఖర్చు అంత సన్నని తేడాపై ఆధారపడటం గమనార్హం.

గౌచర్ వ్యాధి కథ మరోలా నడిచింది. 1882లో ఫ్రెంచ్ వైద్య విద్యార్థి ఫిలిప్ గౌచర్ వర్ణించిన ఈ జబ్బులో, గ్లూకోసిల్ సెరమైడ్ అనే స్ఫింగోలిపిడ్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైము లోపిస్తుంది. 1960వ దశకంలో అమెరికా శాస్త్రవేత్త రాస్కో బ్రేడీ ఈ లోపాన్ని గుర్తించారు. విచ్ఛిన్నం కాని కొవ్వు ప్లీహం, కాలేయం, ఎముక మజ్జలలో పేరుకుంటుంది. పిల్లల పొట్ట ఉబ్బుతుంది, రక్తం తగ్గుతుంది, ఎముకలు నొప్పెడతాయి. కొన్ని రకాల్లో మెదడు కూడా దెబ్బతింటుంది. లోపించిన ఎంజైమును రెండు వారాలకొకసారి నరం ద్వారా ఎక్కించే చికిత్స 1991లో అందుబాటులోకి వచ్చింది. మోతాదు శరీర బరువును బట్టి ఉంటుంది. బిడ్డ ఎదిగిన కొద్దీ మందు పెరుగుతుంది, మందుతో పాటు బిల్లూ పెరుగుతుంది. బిడ్డ బరువు పెరగడం ఏ తల్లికైనా ఆనందమే; ఈ తల్లిదండ్రులకు అది కొత్త లెక్క కూడా.

భారతదేశంలో అరుదైన వ్యాధుల విధానం పుట్టుకకు ఈ జబ్బుకు దగ్గరి సంబంధం ఉంది. గౌచర్ వ్యాధి ఉన్న ఒక నిరుపేద బాలుడి చికిత్స ఖర్చును ప్రభుత్వమే భరించాలని ఢిల్లీ హైకోర్టు 2014లో ఆదేశించింది. 2017లో తొలి విధానం వచ్చి, అమలుకు నోచుకోకుండానే పక్కన పడింది. ప్రస్తుత జాతీయ అరుదైన వ్యాధుల విధానం 2021 మార్చిలో వెలువడింది. ఒక్కసారి చికిత్సతో నయమయ్యే జబ్బులకే అది మొదట 20 లక్షల రూపాయల వరకు సాయం ప్రకటించింది. జీవితాంతం ఖరీదైన చికిత్స అవసరమయ్యే మూడో వర్గానికి, అంటే గౌచర్, ఫాబ్రీ వంటి వాటికి దాతల విరాళాల వేదికను చూపింది. విమర్శలు వచ్చాక 2022 మేలో అన్ని వర్గాలకూ ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం వర్తింపజేశారు.

ఆ 50 లక్షలను 2023 నాటి ధరలతో పోల్చి చూస్తే పరిస్థితి స్పష్టమవుతుంది. ఏడాదికి 1.8 కోట్లు అయ్యే దిగుమతి మందుకు ఆ మొత్తం మూడు నెలల పైచిలుకుకు సరిపోతుంది. 3.6 కోట్లు అయితే యాభై రోజులే. అదే దేశీయ ఎలిగ్లుస్టాట్‌కు ఏడాదికి 6 లక్షల చొప్పున ఎనిమిదేళ్లకు పైగా, 3 లక్షల చొప్పున పదహారేళ్లకు పైగా వస్తుంది. ప్రభుత్వ సాయపు పరిమితి రూపాయి కూడా మారలేదు, దాని విలువ మాత్రం అనేక రెట్లు పెరిగింది. అరుదైన వ్యాధుల విషయంలో నిధుల కేటాయింపు ఎంత ముఖ్యమో, దేశీయ తయారీ కూడా అంత ముఖ్యమని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అయితే ఈ మాత్ర అందరికీ కాదు. ఎలిగ్లుస్టాట్ ఆ కొవ్వు తయారీని తగ్గించే మందు. 2014లో అమెరికాలో దీనిని అనుమతించినది గౌచర్ మొదటి రకం ఉన్న పెద్దవారికి. వాడే ముందు, కాలేయంలో మందును విచ్ఛిన్నం చేసే ఒక ఎంజైము రోగిలో ఏ స్థాయిలో పనిచేస్తుందో జన్యు పరీక్ష ద్వారా తెలుసుకోవాలి. అది అతి వేగంగా పనిచేసే వారికి ఈ మందు పనికిరాదు. మెదడుకు సోకే రకాల్లో దీని ప్రయోజనం లేదు. భారతీయ రోగుల్లో తరచుగా కనిపించే జన్యు మార్పు, నాడీ లక్షణాలుండే మూడో రకంతో ముడిపడి ఉండటం ఇక్కడ ఆందోళన కలిగించే అంశం. కాబట్టి పసిపిల్లలకు ఎంజైము చికిత్సే ఆధారం. జీఎస్టీ మినహాయింపు దాని ధరను కొంత తగ్గిస్తుంది తప్ప, మాత్ర విషయంలో జరిగినంత మార్పును తేదు. జీవకణాల్లో పెంచి తీయవలసిన ఎంజైమును తయారు చేయడం చిన్న రసాయన అణువును తయారు చేసినంత సులభం కాదు.

వ్యాధి నిర్ధారణ దీనికి ముందు మెట్టు. 2021 విధానం తొలి విడతలో ప్రకటించిన ఎనిమిది ఉత్కృష్టతా కేంద్రాల్లో హైదరాబాదులోని డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం, నిమ్స్ కలిసి ఒకటిగా ఉన్నాయి. ప్రభుత్వ సాయానికి ఈ కేంద్రాలే ద్వారం. ఈ జబ్బులు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందినప్పుడే ఎక్కువగా వస్తాయి. మేనరికాలు, దగ్గరి బంధువుల పెళ్లిళ్లు దేశంలోనే అధికంగా ఉన్న ప్రాంతాల్లో తెలుగు నేల ఒకటి గనుక, ఇక్కడ జన్యు సలహా సేవలు, గర్భస్థ దశలోనే పరీక్షలు కేవలం నగరాలకు పరిమితం కావడం సరికాదు. శ్రీకాకుళంలోనో, ఆదిలాబాదులోనో పొట్ట ఉబ్బిన బిడ్డకు మలేరియా అనీ, కామెర్లు అనీ, రక్తహీనత అనీ వరుసగా మందులు మారుస్తూ ఏళ్లు గడిచిపోతే, హైదరాబాదులో కేంద్రం ఉన్నా ప్రయోజనం స్వల్పం.

మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులది వేరే చిక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును గుర్తించిన 21 వైకల్యాల్లో చేర్చింది. కానీ ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చే సెక్షన్ 34 లోని జాబితాలో దాని పేరు లేదు. చట్టం ఒక చేత్తో గుర్తింపు ఇచ్చి, మరో చేత్తో అవకాశాన్ని దూరంగా ఉంచిందన్నది రోగుల పక్షాన చాలాకాలంగా వినిపిస్తున్న ఫిర్యాదు.

పరిశోధన మాత్రం ఆగలేదు. గౌచర్ వ్యాధికి కారణమైన జన్యువులో ఒక్క ప్రతిలోనే లోపం ఉన్నవారికి కూడా పార్కిన్సన్స్ వచ్చే అవకాశం ఎక్కువని తేలడంతో, వృద్ధాప్యంలో వచ్చే ఆ జబ్బు అధ్యయనం కూడా ఈ కొవ్వుల వైపు తిరిగింది. రక్తంలోని కొన్ని సెరమైడ్ల స్థాయిని బట్టి గుండెపోటు ముప్పును అంచనా వేసే పరీక్షలు కొన్ని దేశాల ఆసుపత్రుల్లో వాడుకలోకి వచ్చాయి. వీటి నుంచి కొత్త మందులు వస్తే వాటి ధరల ప్రశ్నా వెంటే వస్తుంది. ఈలోగా విధానంలో సమాధానం దొరకని పాత ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. ఎంజైము చికిత్సపై ఉన్న బిడ్డకు 50 లక్షలు అయిపోయిన మరుసటి పక్షం ఎక్కించవలసిన మోతాదుకు ఎవరు చెల్లించాలన్నది 2021 విధానంలో గానీ, 2022 సవరణలో గానీ స్పష్టంగా లేదు.